పడవకు వెళ్ళేవాళ్ళను పలకరించకూడదు

నాన్న భుజానికి కర్పూరం నూనె రుద్దుతున్నాను. పొద్దున్నే కాఫీ కాగేలోపు అది నా పని. నాన్న కుర్చీని వెనక్కి తిప్పుకొని, దాని వీపు మీద గడ్డం ఆనించి, కిటికీలోంచి రేవు వైపు చూస్తూ కూర్చుంటాడు. రుద్ది రుద్ది నా అరచేతులు వేడెక్కేవి గానీ ఆ భుజం మాత్రం లోపలెక్కడో బిగుసుకునే ఉండేది. నవంబరులో పడవను ఒడ్డుకు లాగుతుంటే, తాడు చుట్టే చక్రం పిడి ఎదురు తిరిగి కొట్టిన చోటు అది. అప్పటినుంచీ కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు.

"ఆగు," అన్నాడు నాన్న.

నొప్పెట్టిందేమో అని చేతులు తీసేశాను.

"విను. చప్పుడు లేదు."

విన్నాను. నిజంగానే లేదు. మా ఇల్లు రేవుకు ఎంత దగ్గరంటే, నీళ్ళు కర్రస్తంభాలకు తగిలే చప్పుడు లేకుండా పుట్టాక నేను ఒక్క పూట గడపలేదు. కిటికీ అద్దం మీది మంచుపూతను గోటితో గీకి చూశాను. రేవంతా పెనంలో చల్లారిన కొవ్వులా తెల్లగా, చదునుగా పేరుకుపోయి ఉంది. పడవలు ఎక్కడివక్కడ దిగబడ్డాయి. రేవు దాటాక చెసపీక్ ఖాతం కూడా, కంటికి ఆనినంత దూరం, కదలకుండా పడి ఉంది.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఏడు జనవరి. నాకు పంతొమ్మిదేళ్ళు.

"పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో ఇలాగే అయింది," అంది నాన్నమ్మ పొయ్యి పక్క మంచం మీది నుంచి. చూడకుండానే ఆమెకు తెలిసిపోయింది. "అప్పుడు నేను కొత్త కోడల్ని. మీ తాత బూట్లు నేలకు అతుక్కుపోయాయి, ఈ వంటింట్లోనే."

అమ్మ కాఫీ పోస్తుండగా పెదనాన్న మెరిల్ వచ్చాడు. ఆయన నాన్నకు అన్న, చర్చిలో ఆదివారం ప్రార్థన నడిపించేది ఆయనే. అందుకే కాబోలు, ఎక్కడికి వచ్చినా తలుపు దగ్గర్నుంచే ప్రసంగం మొదలుపెట్టేవాడు.

"ఎల్వుడ్, పడవ చుట్టూ మంచు కొట్టిస్తున్నావా లేదా? పలకలు నొక్కుకుపోతే కొనేవాడు మొహం కూడా చూడడు."

"ఈ చేత్తో ఎలా కొట్టనన్నయ్యా?"

"ఇంజను కూడా రోజూ ఓసారి తిప్పు. అందరిలాగా, గడ్డకట్టి పగులుతుందని, దాన్ని చల్లబరిచే నీళ్ళు వంపేసి వదిలెయ్యకు. మంచు పోగానే వస్తానన్నాడాయన. ఒక్క తిప్పుకు అందుకోవాలన్నాడు."

కొనేవాడు అవతలి ఒడ్డు మనిషి. బేరం కుదిర్చింది పెదనాన్న. పడవ పోతే నాన్నకు అవతలి ఒడ్డున పడవలు కట్టే కర్మాగారంలో కాపలా పని ఇప్పిస్తానన్నాడు. అంటే ఇల్లు మూసేసి వెళ్ళిపోవాలి. నాన్నమ్మ రానని చెప్పేసింది. ఆమెను ఏం చెయ్యాలో ఎవరూ మాట్లాడలేదు. క్రిస్మస్ ముందు ఓ రాత్రి భోజనాల దగ్గర, నాన్న చుక్కాని పడితే ఖాతం అడుగు నుంచి ఆల్చిప్పలు నేను తీస్తానన్నాను. పెదనాన్న కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాన్న పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు.

మా పెరిన్ దీవిలో ఆడది పడవ ఎక్కదు. ఎక్కితే ఆ పడవకు ఇక అచ్చిరాదంటారు. పడవలకు పేర్లు మాత్రం ఆడవాళ్ళవే పెడతారు. మా పడవ పేరు మిస్ జిపోరా, నాన్నమ్మ పేరే. ఆమె దాని మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పడవకు వెళ్ళే మనిషి పొద్దున బూట్లు తొడుక్కున్న దగ్గర్నుంచి గేటు దాటేదాకా ఎవరూ అతన్ని పలకరించకూడదు. అతనూ ఎవరితో మాట్లాడడు. ఒక్క మాట చెవిన పడిందంటే బూట్లు విప్పేసి కూర్చోవాల్సిందే, ఆ పూటకు ప్రయాణం లేదు. ఒకసారి పెదనాన్న వెళ్తుంటే పెద్దమ్మ వెనక నుంచి, "చేతితొడుగులు మర్చిపోయావు!" అని అరిచింది. ఆయన ఆ రోజంతా ఆ తొడుగులు వేసుకొని అరుగు మీద కూర్చున్నాడు. అంత నిష్ఠ ఆయనది.

"మంచు నేను కొడతాను," అన్నాను.

పెదనాన్న నా వైపు తిరిగాడు. "నువ్వా?"

"మంచు మీద నిలబడి కొడతాను. పడవ ఎక్కను."

ఆయనకు అందులో తప్పు దొరకలేదు. "సరే. పడవ మీద చెయ్యి మాత్రం వెయ్యకు."

"వేస్తే కరుస్తుందేంట్రా?" అంది నాన్నమ్మ. "దాని మీదున్నది నా పేరే కదా."

"పేరు వేరు, మనిషి వేరమ్మా."

"అవునవును. పేరుకు ఆకలెయ్యదు."

*

రోజూ పొద్దునా సాయంత్రం గొడ్డలి తీసుకొని రేవులోకి దిగేదాన్ని. సాయంత్రం కొట్టిన చోట పొద్దుటికి మళ్ళీ గడ్డకట్టేది. పడవ చుట్టూ అరచెయ్యి వెడల్పున నల్లటి నీళ్ళు కనిపించేదాకా కొట్టి, పెచ్చుల్ని బుట్టతో తోడి అవతల పారబోసేదాన్ని. మధ్యాహ్నం నాన్న వచ్చి ఎడమచేత్తో ఇంజను తిప్పేవాడు. అది దగ్గుతూ అందుకునేది. రేవు మొత్తంలో అదొక్కటే చప్పుడు. మిగతావాళ్ళంతా ఇంజన్లలో నీళ్ళు వంపేసి ఓడెల్ దుకాణంలో పొయ్యి చుట్టూ చేరిపోయారు.

"అమ్మాయ్, కొనేవాడికి తళతళలాడేలా తుడుస్తున్నావు!" అని ఓడెల్ తన దుకాణం మెట్ల మీది నుంచి అరిచేవాడు. "కాటుక కూడా పెట్టు!"

గొడ్డలి ఆపకుండానే వాళ్ళకేసి చూసేదాన్ని. మగవాళ్ళు అంతమంది ఖాళీగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పొయ్యికేసి చాపి కూర్చునేవాళ్ళు.

నెలాఖరుకి పిండి, పాలపొడి అయిపోయాయి. ప్రభుత్వం హెలికాప్టర్ పంపింది. బడి వెనక దిగి డబ్బాల పెట్టెలు దింపి వెళ్ళింది. పెదనాన్న ఆ గాలిలో టోపీ పట్టుకొని కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. ఆ రాత్రి అమ్మ డబ్బా మాంసం వేయించి పెట్టింది. నాన్నమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, తీసి, పళ్ళెం అంచున పెట్టింది.

"నేనిది తినను."

"అందరూ తింటున్నారత్తయ్యా," అంది అమ్మ.

"తిననీ. చుట్టూ ఖాతం నిండా ఆల్చిప్పలు పెట్టుకొని, గాల్లోంచి రాలేది ఏరుకు తినే రోజు నాకు రాలేదు." నా వైపు తిరిగింది. "పద్దెనిమిదిలో మీ తాత ఏం చేశాడో తెలుసా? రంపం తీసుకొని మంచు మీద నడిచి వెళ్ళాడు. బొక్క కోసి, అందులోంచి పట్టుకారు దించాడు."

"ఒక్కడేనా?"

"బండి ఎవరు లాగారనుకున్నావు?"

వంటింట్లో అందరం ఆమె వైపు చూశాం. నాన్న కూడా.

"నేనే లాగాను. ఏరింది నేనే. తాతకు చేతులు కొంకర్లు పోతే పట్టుకారు పట్టిందీ నేనే. మంచు కరిగాక పడవలు కదిలాయి. నేను వంటింట్లోకి వచ్చేశాను. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు." ఆ మాంసం ముక్కను పళ్ళెంతో సహా అవతలికి తోసింది. "గుండ్రంగా కొయ్యకు, పట్టుకారు కర్రలు తెరుచుకోవు. పొడుగ్గా కొయ్యి, శవపేటిక పట్టేంత. వింటున్నావా ఆర్లీన్?"

"వింటున్నా నాన్నమ్మా."

మర్నాడు పొద్దున చూస్తే నా కోటు మీద అమ్మ తీసిపెట్టిన నాన్న ఉన్ని స్వెట్టరు ఉంది.

*

పట్టుకారు మోసుకెళ్ళడమే పెద్ద పని. అది రెండు పొడవాటి కర్రలు. మధ్యలో కత్తెరలా కలుస్తాయి. చివర్లలో ఇనుప పళ్ళున్న బుట్టలు. నీళ్ళ అడుక్కి దించి, పైనుంచి కర్రలు తెరుస్తూ మూస్తూ ఉంటే ఆ పళ్ళు ఆల్చిప్పల్ని గీరి బుట్టల్లోకి నెడతాయి. పెరట్లో గోడకు ఆనించి ఉన్నప్పుడు దాన్ని ఎత్తి చూశాను గానీ, నీళ్ళలో ఎప్పుడూ దించలేదు. చిన్నప్పుడు నేను ఎక్కి జారిన మంచుబండికి దాన్నీ, రంపాన్నీ, గొడ్డలినీ కట్టి, రేవు దాటి లాక్కెళ్ళాను.

దుకాణం మెట్ల మీద నవ్వులు లేచాయి.

"ఎక్కడికమ్మా ప్రయాణం? అవతలి ఒడ్డుకా?"

"ఇలా నడిస్తే బాల్టిమోర్ చేరుతుందిలే!"

"కొనేవాణ్ణి ఎదురెళ్ళి తీసుకొస్తుందేమో!"

పలకరించకూడదన్న నియమం నాకు వర్తించలేదన్నమాట. ఒకందుకు మంచిదే అనుకున్నాను. ఆగి బూట్లు విప్పాల్సిన పని లేదు.

చోటు నాకు తెలుసనుకున్నాను. ఏళ్ళ తరబడి కిటికీలోంచి చూసిందే. నాన్న పడవ నీటడుగున ఉన్న ఆల్చిప్పల దిబ్బ మీదికి వచ్చి నిలబడితే, చర్చి శిఖరం సరిగ్గా మంచు ఫ్యాక్టరీ పొగగొట్టం నెత్తి మీదికి వస్తుంది. నేను వెనక్కి తిరిగి చూసుకుంటూ ఆ రెండూ కలిసేదాకా నడిచాను. కోశాను. మంచు నా మోచెయ్యంత మందం ఉంది. కోసి, గడ్డల్ని పైకి లాగి, పట్టుకారు దించి, లాగితే బురద వచ్చింది. ఇంకొంచెం దూరం నడిచి మళ్ళీ కోశాను. బురదా, రెండు ఖాళీ చిప్పలూ వచ్చాయి. కర్రల మీద నీళ్ళు అక్కడికక్కడే గడ్డకట్టి, పట్టు జారుతోంది. వేళ్ళు నావి కాకుండా పోయాయి. మూడో బొక్క కోస్తుంటే పెదనాన్న గొంతు వినిపించింది. చర్చికి వేసుకెళ్ళే టోపీతో, జారకుండా కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వస్తున్నాడు.

"ఇదేం పని? పరువు తీస్తున్నావు! ఆడది నీళ్ళ మీదికి రాకూడదని తెలీదూ?"

"ఇది నీళ్ళా పెదనాన్నా?" కాలితో మంచును తట్టి చూపించాను. "నువ్వూ దీని మీదే నిలబడ్డావు."

"కింద ఏముంది?"

"కింద నీళ్ళే. చర్చి కింద కూడా నీళ్ళే, మన దీవిలో ఎక్కడ తవ్వినా. నేను పడవ ఎక్కలేదు. మంచు మీద నడవకూడదని ఎవరన్నా చెప్పారా?"

అలాంటి మాట ఎవరూ చెప్పి ఉండరు. చెప్పడానికి ఖాతం ఏటేటా గడ్డకట్టదు కదా.

"ఏమన్నా దొరికిందా మరి?" అన్నాడు, నా బుట్టలోకి వంగి చూస్తూ. "బురద. దేవుడే చెప్తున్నాడు నీకు."

ఆయన భుజం మీదుగా నాకు నాన్న కనిపించాడు. నవంబరు నుంచి ఇల్లూ పడవా తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి, కోటు కుడిచెయ్యి ఖాళీగా వేలాడుతుండగా, దుకాణం ముందు నుంచే నడిచి వస్తున్నాడు. మెట్ల మీద నవ్వులు ఆగిపోయాయి. నాన్న నేరుగా నా దగ్గరికొచ్చి మూడు బొక్కల వైపూ చూశాడు. పెదనాన్న ఏదో అనబోతుంటే, "ఉండన్నయ్యా," అన్నాడు.

నాతో అన్నాడు: "శిఖరం పొగగొట్టం మీదికి తెచ్చావు. బాగుంది. మరి రెండోది?"

"రెండోది ఏంటి?"

"ఒక గీత మీదే నడిస్తే ఎంత దూరమైనా నడుస్తావు. చోటు దొరకాలంటే రెండు గీతలు కలవాలి." ఎడమచేత్తో నా భుజం పట్టుకొని పక్కకు తిప్పాడు. "అదిగో ఎర్ర దీపస్తంభం. అది ఓడెల్ దుకాణం కప్పు మూలకు తగిలేదాకా నడు. శిఖరాన్ని మాత్రం వదలకు."

కిటికీలోంచి నాకు కనబడేది ఆ ఒక్క గీతే. రెండోది పడవ మీద నిలబడితే తప్ప కనబడదు.

నడిచాను. కోశాను. పట్టుకారు దించగానే కర్రల్లోంచి గరగరమని ఏదో అరచేతుల్లోకి పాకింది. రాళ్ళ కుప్పను గీరినట్టు. నాన్న మొహం చూశాను. ఆయనకు చప్పుడు వినబడలేదు. నా చేతులు చూసి అర్థం చేసుకున్నాడు.

"కింద చెయ్యి ఇంకా కిందికి. ఆఁ. మెల్లగా మూసి ఎత్తు."

మంచు మీద గుమ్మరిస్తే నల్లగా, బురదగా, ఒకదానికొకటి అతుక్కొని ఆల్చిప్పలు దొర్లాయి. మోకాళ్ళ మీద కూర్చొని గొడ్డలి వెనకవైపుతో విడగొట్టి, చిన్నవి తిరిగి నీళ్ళలో వేశాను. పెదనాన్న అలా చూస్తూ నిలబడి, ఒకటి ఎత్తి, జేబులోంచి చాకు తీసి తెరిచి, లోపలిది పచ్చిగానే అక్కడే జుర్రేశాడు.

"ఉప్పగా ఉంది," అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అమ్మ పాలల్లో ఆల్చిప్పలు ఉడికించింది. నాన్నమ్మ గిన్నె ఎత్తి తాగి, మూతి తుడుచుకొని, "కాస్త బురద వాసన," అంది. మళ్ళీ పోయించుకుంది.

*

వారం తిరిగేసరికి మంచు నిండా మగవాళ్ళు. దుకాణం ఖాళీ అయింది. ఎవరి తాత ఎక్కడ కోశాడో అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. "మేమూ వద్దామనే అనుకుంటున్నాం, రంపానికి పదును పెట్టించాలని ఆగాం," అన్నాడు ఓడెల్. అందరికంటే దూరం వెళ్ళేది పెదనాన్నే. ఖాతంలో ఓడలు తిరిగే లోతైన కాలువ దాటి, అవతలి దిబ్బకు. ఆయనకు నా పక్కన కోయడం ఇష్టం లేదు. కానీ రోజూ సాయంత్రం నా బుట్టా తన బుట్టా కళ్ళతో కొలిచి చూసుకునేవాడు.

ఫిబ్రవరి చివర్లో మంచు కోసే ఓడ వచ్చింది. కాలువ వెంబడి దారి చీల్చుకుంటూ వచ్చి, మా పొయ్యిలకు చమురు దింపి, అదే దారిన వెళ్ళిపోయింది. రాత్రికి ఆ చీలిక మీద కొత్త మంచు పలచగా అల్లుకుంది. పెదనాన్న మర్నాడు పొద్దున్నే దానిమీద పలక వేసుకొని దాటి వెళ్ళాడు. నేను పడవ చుట్టూ మంచు కొడుతున్నాను అప్పుడు. పొద్దెక్కేకొద్దీ దక్షిణపు గాలి తిరిగింది. గొడ్డలి దెబ్బకు మంచు టంగుమనడం మానేసి, తడి చెక్కలా మెత్తగా పలుకుతోంది. ఇలా పలకడం నేను ముందెప్పుడూ వినలేదు.

నాన్న వచ్చి ఇంజను తిప్పాడు. అది అందుకునేసరికి దూరంగా ఏదో పేలింది. ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి, ఖాతం ఈ చివర నుంచి ఆ చివర దాకా.

మనుషులు బుట్టలు వదిలేసి ఒడ్డుకు పరిగెత్తారు. దగ్గరలో ఉన్నవాళ్ళంతా చేరారు. ఓడెల్ రొప్పుతూ మా కర్రవంతెన మీదికి ఎక్కి, వెనక్కి చూసి, "మెరిల్!" అన్నాడు.

కాలువ తెరుచుకుపోయింది. అవతల పెద్ద మంచు ముక్క, చర్చి ఆవరణంత, మెల్లగా ఖాతంలోకి జరుగుతోంది. దాని మీద టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

రేవులో పడవలన్నీ ఇంకా మంచులోనే. వాటి ఇంజన్లలో నీళ్ళు లేవు. నీళ్ళలో తేలుతున్నది మిస్ జిపోరా ఒక్కటే. దాని ముందు రేవు మంచు రెండుగా చీలి కాలువ దాకా దారి ఇచ్చింది.

"నేనొస్తా పద ఎల్వుడ్," అంటూ ఓడెల్ పడవ అంచు మీద చెయ్యి వేశాడు. "నువ్వు చుక్కాని పట్టు. నేను ముందు నిలబడి మంచు తోస్తా."

నాన్న ఆయన వైపు చూడలేదు. "ఆర్లీన్, తాడు విప్పి కొక్కెం కర్ర తీసుకో. ఎక్కు."

"ఏంటీ?" అన్నాడు ఓడెల్.

"దీని సంగతి నీకు తెలీదు ఓడెల్."

"దానికి మాత్రం తెలుసా? ఎప్పుడైనా ఎక్కిందా?"

"చలికాలమంతా దీన్ని బతికించింది అదే."

తాడు విప్పాను. కాలు పెట్టాను. పడవ నా వైపు కొంచెం ఒరిగి, మళ్ళీ తేరుకుంది. ఎవరు ఎక్కినా అలాగే ఒరుగుతుంది కాబోలు.

ముందు భాగంలో నిలబడి, వచ్చే గడ్డల్ని కొక్కెం కర్రతో పక్కకు నెడుతూ ఉన్నాను. కొన్ని పడవ పక్కలకు గీసుకుంటూ పోతుంటే వెనక నుంచి నాన్న పళ్ళ మధ్య గాలి పీల్చడం వినబడేది. ఆయన ఒంటి చేత్తో తిప్పుతున్నాడు. నేను ఎటు చెయ్యి చూపిస్తే అటు. కాలువ దాటేసరికి పెదనాన్న మొహం కనబడింది. పట్టుకారు ఊతకర్రలా పట్టుకొని, బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకొని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి ముందు చెయ్యి ఎత్తాడు. తర్వాత నన్ను చూసి దించేశాడు.

"ఎల్వుడ్! దాన్నెందుకురా ఎక్కించావు!"

"నీ కోసమే అన్నయ్యా. అంచుకు రా, ఎక్కు!"

ఆయన కదల్లేదు. ఆయన వెనక మంచులో ఒక చారిక పడింది. నల్లటి గీత, మనిషి నడిచినంత నిదానంగా పొడుగవుతోంది. కర్ర కొక్కాన్ని ఆ ముక్క అంచుకు తగిలించి, కాళ్ళు తన్నిపెట్టి లాగి పట్టుకున్నాను.

"ఎక్కుతావా పెదనాన్నా, నేను దిగిపోనా?" అన్నాను. "నేను దిగితే ఈ కర్ర పట్టుకునేవాళ్ళుండరు. నీ ఇష్టం."

నాన్న వెనక నవ్వాడు. దగ్గూ కావచ్చు.

పెదనాన్న వంగి ముందు బుట్ట అందించాడు. దాన్ని పడెయ్యబుద్ధి కాలేదు ఆయనకు. తర్వాత పట్టుకారు అందించాడు. ఆ తర్వాత తను ఎక్కాడు. ఎక్కి, నాకు వీపు పెట్టి కూర్చొని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. తిరుగుదారిలో సగం వచ్చాక తల తిప్పకుండానే అన్నాడు.

"కర్ర ఇంకాస్త కింద పట్టుకో. అంత పైన పడితే నిన్నే నీళ్ళలోకి లాగేస్తుంది."

కింద పట్టుకున్నాను. ఆయన చెప్పింది నిజమే.

*

మార్చి మొదటి వారానికి ఖాతం నల్లగా, మామూలుగా అయింది. పడవ ముట్టిన ఆడదాని గురించి దీవిలో ఎవరూ నా మొహం మీద మాట్లాడలేదు. పద్దెనిమిదిలో నాన్నమ్మ గురించి కూడా ఇలాగే మాట్లాడకుండా ఊరుకొని ఉంటారు. అలా ఊరుకుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని వాళ్ళ నమ్మకం.

ఒక సాయంత్రం పెదనాన్న గుమ్మంలోంచే చెప్పాడు: "రేపు మధ్యాహ్నం పోటు మీద కొనేవాడు వస్తున్నాడు. పడవ రేవులో ఉండాలి. ఆయన్ని ఉత్త చేతుల్తో పంపిస్తే మళ్ళీ రాడు."

పెదనాన్న వెళ్ళాక అమ్మ లేచి నాన్న పాత రబ్బరు కోటు బల్ల మీద పరిచి, నన్ను పిలిచి, నా చేతి పొడవు వేళ్ళతో కొలిచి, కత్తెర అందుకుంది.

"చూసి కొయ్యి," అన్నాడు నాన్న. "నాకు మళ్ళీ పనికిరాదు."

"పనికిరానక్కర్లేదు," అంది అమ్మ.

నాన్నమ్మ గోడవైపు తిరిగి పడుకొని ఉంది. నిద్రపోయిందనుకున్నాను. "మంచు కరిగింది పిల్లా," అంది కొంచెంసేపటికి. "నువ్వు మాత్రం వంటింట్లోకి రాకు."

పొద్దున చీకటి విచ్చుతుండగా నాన్న భుజానికి నూనె రుద్దాను. రుద్దించుకొని ఆయన నాకంటే ముందుగా రేవుకు వెళ్ళిపోయాడు. కాసేపటికి రేవులోంచి ఇంజను దగ్గి అందుకున్న చప్పుడు వినబడింది. బల్ల మీద భోజనం డబ్బాలు రెండున్నాయి. నేను బెంచీ మీద కూర్చొని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాను. ఎడమది వేసుకున్నాను. కుడిదానికి తాళ్ళు బిగిస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. పెదనాన్న. ఇంజను చప్పుడు విని పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. కోటు బొత్తాలు పై నుంచి కిందిదాకా తప్పుగా పెట్టుకున్నాడు. ఏదో అనబోతూ, నోరు తెరిచి లోపలికి వచ్చాడు.

అప్పుడు నా బూట్లు చూశాడు.

ఒక్క మాట చాలు ఆయనకు. "ఆర్లీన్," అన్నా చాలు. నేను బూట్లు విప్పేసి కూర్చోవాలి. ఆ పూటకు ప్రయాణం లేదు. మధ్యాహ్నానికి పడవ రేవులోనే ఉంటుంది. ఆ నియమాన్ని దీవిలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఆయనే. నేను తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాను. మగవాళ్ళకైతే ఎవరూ మాట్లాడరు. నేనెవరినో ఆయనే తేల్చాలి.

పొయ్యి దగ్గర అమ్మ గరిటె పట్టుకొని ఆగిపోయింది. మంచం మీద నాన్నమ్మ లేచి కూర్చొని, కళ్ళు ఆర్పకుండా కొడుకు వైపు చూస్తోంది. ఆమె కూడా నోరు విప్పడం లేదు.

పెదనాన్న పెదాలు మూసుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకొని, గుమ్మానికి అడ్డం లేకుండా గోడవైపు జరిగాడు.

నేను కోటు వేసుకున్నాను. రెండు డబ్బాలూ తీసుకొని, ఎవరితో ఏమీ అనకుండా, ఇంట్లోంచి బయటికి నడిచాను.